పిట్ట ముట్టిన కండ

మనిషి పోతే దినాలు చేస్తారు. మనిషి నిక్షేపంగా బతికుండగా అతని తొడకు దినం చేసిన తల్లిని ఎక్కడైనా చూశారా? హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక బస్తీలో పుణ్యవతి చేసింది. తెలివితక్కువ పని అని నోరు పారేసుకోవడం తేలికే. ఆ పూట ఆమె చేతిలో ఉన్న మూట మన చేతిలో ఉండి ఉంటే మనం ఏం చేసేవాళ్లమో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె ఒక్కగానొక్క కొడుకు సాయిలు బాలానగర్‌లో ఇనుప బీరువాలు చేసే కార్ఖానాలో పనివాడు. ఒక మధ్యాహ్నం పైనుంచి దింపుతున్న రేకు జారి, అతని కుడి తొడ ముందువైపు కండను పుచ్చకాయ ముక్క కోసినట్టు కోసుకుపోయింది. తోటి పనివాళ్లు మంచివాళ్లు. మనిషిని ఆటోలో వేసుకుని, ఆ కండను కూడా గుడ్డలో చుట్టుకుని దవాఖానకు పరిగెత్తారు, డాక్టర్లు మళ్లీ కుట్టేస్తారేమోనని. డాక్టర్లు విప్పి చూసి, ఇది ఇంక అతకదన్నారు. ప్రాణం నిలబెట్టారు, ఎముక నిలబెట్టారు, కండ మాత్రం పోయింది. ఆ మూట ఏం చెయ్యాలో ఎవరికీ తోచక, కన్నతల్లి కదా అని తెచ్చి పుణ్యవతి చేతిలో పెట్టారు.

చెత్తలో వేస్తుందా మరి? తొమ్మిది నెలలు మోసి కన్నదాంట్లో ముక్క అది. చెరువు పక్కన శ్మశానానికి తీసుకెళ్లి, మొగుణ్ని పాతిపెట్టిన చోటు పక్కనే చిన్న గొయ్యి తవ్వించి, ఉప్పు వేసి పూడ్చింది. అక్కడ బొందలు తవ్వే ముసలాయన మట్టి కప్పి చేతులు దులుపుకుంటూ, "అక్కా, సగం చేసి ఊకోకు. బొంద వెట్టినంక మూడోనాడు పిట్టకు వెట్టాలె. వెట్టకుంటే మిగిలిన మనిషిని గూడ రమ్మని పిలుస్తది," అన్నాడు. మూడోనాడు కొడుక్కి ఇష్టమైన బోటికూర వండి, జొన్నరొట్టె చేసి, విస్తరిలో పెట్టి తీసుకెళ్లింది.

ఆమె మొగుడు పోయినప్పుడు కాకి ముట్టేసరికి పొద్దు తిరిగింది. ఈసారి అలా కాదు. విస్తరి నేల మీద ఆనిందో లేదో, గుంపు దిగింది. ఆమె చెయ్యి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. మెతుకు మిగల్చకుండా తిని, ఒక్కటీ అరవకుండా ఎగిరిపోయాయి. కాకులు అరవకుండా తినడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా పోయినదేదో తృప్తిగా పోయిందిలే అనుకుని, చెరువులో కాళ్లు కడుక్కుని ఇంటికొచ్చింది. ఈ సంగతి కొడుకుతో చెప్పలేదు. ఏమని చెబుతుంది, నీ తొడకు దినం చేసొచ్చిన బిడ్డా అనా?

అది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన సంవత్సరం. బస్సులు డిపోలు దాటవు, బడులు తెరవరు, సింగరేణిలో బొగ్గు తియ్యరు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవడికీ తెలియదు. పుణ్యవతి మాత్రం రోజూ పట్టాల వెంబడి నడుచుకుంటూ హైటెక్ సిటీకి వెళ్లేది. అక్కడ ఒక అద్దాల బిల్డింగులో నేల తుడవడం ఆమె పని. అందులో ఆరో అంతస్తులో చిన్న ప్రయోగశాల ఉంది. దాన్ని నడిపే ఆవిడ పేరు డాక్టర్ బాలాత్రిపురసుందరి. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ త్రిపుర మేడం అనేవారు. అమలాపురం మనిషి. దెబ్బతగిలి పోయిన కండను మళ్లీ పెంచి అతికించాలన్నది ఆవిడ పట్టుదల. కుందేళ్లలో చేసి చూపించింది. మనుషుల్లో చేసి చూడ్డానికి ఒక పెద్ద దవాఖానతో ఒప్పందం అయింది, తగిన మనిషి కోసం చూస్తోంది.

పుణ్యవతి తుడుపుకర్ర గోడకు ఆనించి, కొడుకు సంగతి చెప్పి ఏడ్చింది. త్రిపుర మేడం ఆ సాయంత్రమే వెళ్లి సాయిల్ని చూసింది, సర్జన్‌తో మాట్లాడింది, సరేనంది.

"మీవాడి ఎడమ తొడలోంచి చిక్కుడు గింజంత ముక్క తీస్తామండి," అని విడమరిచి చెప్పింది. "కొత్త కండ పుట్టించే కణాలు అందులో ఉంటాయి. వాటిని పెంచి ఒక తెల్లటి వల మీద చల్లుతాం. జంతువు కండలోంచి జీవమంతా కడిగేస్తే మిగిలే వల అది. దాన్ని వెచ్చటి పెట్టెలో పెట్టి, మిషనుతో లాగుతూ వదులుతూ ఉంటే కండ పడుతుందండి. పని చెయ్యని కండ కండే కాదు కదా."

"పాలకు తోడేసినట్టా మేడం?"

"అచ్చం అలాగేనండి," అని నవ్వింది ఆవిడ. "మీవాళ్లేమో మమ్మల్ని వెళ్లిపొమ్మంటున్నారు. మీరేమో పని చెప్తున్నారు."

"జర ఆగి పో మేడం. నా కొడుకు కాలు చేసిచ్చి పో. గప్పుడు గూడ ఉత్తగ పొమ్మన, బువ్వ తిని పొమ్మంట," అంది పుణ్యవతి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గదిలో ఇద్దరూ కలిసి నవ్వింది ఆ రోజుతో సరి.

కండ తోడుకోలేదు. తోడుకోలేదంటే అసలే తోడుకోలేదని కాదు, అదే విచిత్రం. కణాలు చక్కగా పెరిగేవి, వలను పట్టుకునేవి, మిషను లాగినప్పుడల్లా సాగి వదిలినప్పుడల్లా ముడుచుకునేవి. రెండు రోజులు చంటిపిల్ల ఎదిగినట్టు ఎదిగి, మూడోనాటికి బూడిదరంగు తిరిగి వేలాడిపోయేవి. త్రిపుర మేడం మందు మార్చింది, వల మార్చింది, మిషను విప్పించి మళ్లీ బిగించింది. ఏం చేసినా మూడోనాడే. ఆ మూడోనాడే ఆరో అంతస్తు కిటికీ బయట, నిలబడ్డానికి సరిగా చోటు కూడా లేని అద్దం అంచు మీద, ఒక కాకి వచ్చి కూర్చునేది. లోపలికి చూస్తూ కూర్చునేది, అరిచేది కాదు. పుణ్యవతి లోపలి నుంచి గుడ్డ విదిలించినా లేచేది కాదు.

"ఇంకొక్కసారేనండి," అంది ఒక రోజు త్రిపుర మేడం. ఆవిడ కళ్లు గుంటలు పడ్డాయి. "ఎడమ తొడలోంచి ఇంకా తీస్తే ఆ కాలు కూడా పాడవుతుంది. తీసి ఉంచిన కణాలు ఒక్కసారికే సరిపోతాయి. దీపావళి దాటితే మీవాడి గాయం గట్టిపడిపోతుంది, అప్పుడు కండ తయారైనా అతకదు. ఇది కూడా చస్తే ఇంక జన్మంతా చంకకర్రలేనండి."

పుణ్యవతి ఇంక ఆగలేకపోయింది. కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. "మేడం, తప్పు నీది గాదు, మిషిన్‌ది గాదు. నాది. ఆ తొడకు నేను బొంద వెట్టిన, పిట్టకు వెట్టిన. పిట్ట ముట్టింది. పోయినోళ్లల్ల కలిపేసిన దాన్ని. నువ్వేమో మళ్లీ పుట్టియ్యబట్టినవ్. ఎట్ల ఉంటది? మూడోనాడు ఆ బొందల నుంచి రమ్మని పిలుపు వస్తది, పోతది."

త్రిపుర మేడం వెటకారం చెయ్యలేదు. "కరెంటు కోతలండీ పుణ్యవతిగారూ," అంది మెత్తగా. "పెట్టెలో వేడి తగ్గితే కణాలు చస్తాయి. కాకులేం చేస్తాయి?" అలా అంటూనే కిటికీ వైపు చూసింది. కాకి ఉంది. ఆవిడ చూపు తిప్పుకుని, పాత కథ ఒకటి ఎత్తుకుంది. "మా అమ్మమ్మ ఒకటి చెప్పేదండి. మా వైపు ఒకాయన రంగూన్ వెళ్లి ఏళ్ల తరబడి కబురే లేదట. పోయాడనుకుని కర్మ చేసేశారు. ఆయన ఒక రోజు పెట్టె పట్టుకుని దిగాడు. గుమ్మం ఎక్కనివ్వలేదట. చచ్చినవాడు లోపలికి రావాలంటే మళ్లీ పుట్టాలన్నారట. అంత మీసాలున్న మనిషిని ఉయ్యాల్లో కూర్చోబెట్టి, బారసాల చేసి, కొత్త పేరు పెట్టి, అప్పుడు అన్నం పెట్టారట. మీవాడి కండకు కూడా బారసాల చెయ్యాలేమోనండి," అని నవ్వేసి, పనిలో పడిపోయింది.

చదువుకున్నవాళ్లు నవ్వులాటకు అన్న మాటను పట్టుకుని, చదువు లేనివాళ్లు కొండలెక్కుతారు. పుణ్యవతి ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికెళ్లింది.

పేరేం పెట్టాలన్నది ఆలోచించుకునే పనే లేదు. మొగుడి దినాల్లో కాకి ముట్టక పొద్దు తిరిగిందన్నాను కదా, ఆ రోజు చుట్టాలందరూ వరసగా వచ్చి పోయినవాడికి మాటలిచ్చారు. కొడుకు పెండ్లి చేస్తమని ఒకరు, గోరీ కట్టిస్తమని ఒకరు. కాకి కొమ్మ దిగలేదు. ఆఖరికి పుణ్యవతి దండం పెట్టి, "ఇగ మా ఇంట్ల ముందుగాల ఏ పానం పుడితే దానికి నీ పేరే పెడ్త," అంది. కాకి దిగింది, ముట్టింది. అప్పుడు ఆమె మనసులో ఉన్నది మనవడు. కానీ ఆ తర్వాత ఆమె ఇంట ముందుగా పుట్టబోతున్నది ఇదే. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే.

చిక్కంతా ఎక్కడుందంటే, మొగుడి పేరు ఆమె జన్మలో నోటితో పలకలేదు. పలికితే ఆయుష్షు తక్కువవుతుందని తల్లి చెప్పింది. సాయిలు పుట్టకముందు "ఇగో", పుట్టాక "సాయిలు నాయినా". చందానగర్ మార్కెట్‌లో తోపుడు బండి మీద జామకాయలు అమ్ముకుంటూ, పచ్చకామెర్లు ముదిరి పోయేదాకా ఆ మనిషికి భార్య నోటి వెంట తన పేరు వినే యోగం లేకపోయింది.

ఆఖరి కండకు మూడోనాడు వచ్చింది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ అయిపోతోందని కింద నుంచి ఫోను. లాగే మిషను ఆపేసి, వెచ్చటి పెట్టెను మాత్రం కాసేపే నిలిచే బ్యాటరీ మీద ఉంచి, త్రిపుర మేడం డీజిల్ కోసం పోట్లాడ్డానికి కిందికి పరిగెత్తింది. ఏసీలు ఆగాయి. అన్ని అంతస్తుల అద్దాల బిల్డింగులో ఒక్క చప్పుడు లేదు. కిటికీ మీద కాకి ముక్కుతో అద్దాన్ని ఒకసారి తట్టింది.

పుణ్యవతి పెట్టె దగ్గరికి వెళ్లింది. గాజుతలుపు వెనక, ఎర్రటి నీళ్లలో, రెండు కొక్కేల మధ్య అరచేయంత కండ వేలాడుతోంది. అంచులు అప్పుడే బూడిదరంగు తిరుగుతున్నాయి. ఆమె కొంగులోంచి పసుపు తీసి, పెట్టె కాళ్లకు రాసింది. పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, తొట్టెల ఊపినట్టు ఉండీ లేనట్టు ఊపింది. గాజుకు నోరు ఆనించింది. కొడుకు చంకకర్రలు కళ్ల ముందు పెట్టుకుని, తెగించి పిలిచింది.

"ఐలయ్యా."

మిషను ఆగి ఉంది. కరెంటు లేదు. కండ చటుక్కున గుంజుకుంది.

పేరు మూడుసార్లు పిలవాలి, మధ్యలో ఆపకూడదు. "ఐలయ్యా." మళ్లీ గుంజుకుంది. "ఐలయ్యా." ఈసారి కొక్కేలు కూడా కదిలాయి. తల్లిగా చెయ్యాల్సింది అయిపోయింది. అక్కడితో ఆపి ఇవతలికి రావలసింది. కానీ ఆ మనిషి పోయాక ఆమె ఒంటరి బతుకు మనకేం తెలుసు? గొంతు తగ్గించి, "సాయిలు నాయినా, నువ్వేనా?" అంది.

కండ నెమ్మదిగా, నిండుగా, నిద్రలేచిన మనిషి ఒళ్లు విరుచుకున్నట్టు సాగి, ముడుచుకుని, ఊరుకుంది. కిటికీ మీద కాకి లేదు.

డీజిల్ సాధించుకుని వచ్చిన త్రిపుర మేడం, కంప్యూటర్ వెలిగాక పెట్టె నమోదు చేసిన గీతలు తెర మీద చూసి నిలబడిపోయింది. "మిషను ఆగి ఉంటే ఎలా లాగిందండీ ఇది?" అంది. తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంది. ఎదిగిన కండ ఒక్కోసారి దానంతటదే కొట్టుకుంటుందట, పుస్తకాల్లో ఉందట. పెట్టె కాళ్లకు పసుపు చూసింది, దాన్ని తుడవకుండా వదిలేసింది.

కండ మూడోనాడు దాటింది, వారం దాటింది, దీపావళి లోపలే సర్జన్ దాన్ని సాయిలు తొడలో అతికించాడు. సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి. చలికాలం నిండా సాయిలు మంచం మీద. ఎండలు ముదిరేసరికి గోడ పట్టుకుని లేచాడు. వానలకు చంకకర్రలు మూలన పడ్డాయి. త్రిపుర మేడం వచ్చి చూసి, సంతోషం పట్టలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. "జాగ్రత్తండి, ఇది పోతే మళ్లీ చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు," అని మాత్రం హెచ్చరించింది.

పుణ్యవతి రోజూ మధ్యాహ్నం ఆ తొడకు నూనె రాసేది. కొడుకు కళ్లు మూసుకుని పడుకుంటే, నూనె రాస్తూ, పెదాలు మాత్రం కదుపుతూ మాట్లాడేది. కూరగాయలు మండిపోతున్నాయని, కిరాయి పెంచిండ్రని, తెలంగాణ వస్తదంటవా రాదంటవా అని. తొడ ఆమె అరచేతి కింద గుంజి జవాబు చెప్పేది. ఆమెకు భయం వెయ్యలేదా అంటే వేసింది. భయంకన్నా సంతోషం ఎక్కువ వేసింది. బతికుండగా ఆ మనిషి ఆమె మాట ఇంత ఓపిగ్గా ఎన్నడూ వినలేదు.

"అమ్మా, నువ్వు వంటింట్ల ఒక్కదానివే మాట్లాడుకుంటుంటే నా కాలు గుంజుతది. ఏందే గిది?" అని ఒక రోజు సాయిలు అడిగాడు.

"నరాలు కొత్తయి బిడ్డా. ఫికర్ చెయ్యకు," అంది.

ఆ వానాకాలం చివర్లో లక్షల మంది హుస్సేన్ సాగర్ చుట్టూ చేరి తెలంగాణ కోసం మార్చ్ చేసినప్పుడు, సాయిలు కూడా వానలో తడుస్తూ రోజంతా నడిచి వచ్చాడు. కాలు నొప్పి పెట్టలేదన్నాడు. ఆ రాత్రి పుణ్యవతి కంటినిండా నిద్రపోయింది.

రెండు వారాలకు పెత్రమాస వచ్చింది. ఆ అమావాస్యనాడు ఎవరింట్లో పోయినవాళ్ల పేరున వాళ్లు బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టి అయ్యగారికిచ్చి, పేరు చెప్పి వదలాలి. లేకపోతే పోయినవాళ్లు ఏడాది పొడుగునా పస్తుంటారు. కిందటేడు కొడుకు దవాఖానలో ఉండి ఇవ్వలేకపోయింది. ఈసారి తప్పదని, పొద్దున్నే తలస్నానం చేసి, చాటలో బియ్యం చెరుగుతుంటే సాయిలు లోపలి నుంచి, "అమ్మా, కాలు సల్లగైంది జర చూడు," అన్నాడు. తిమ్మిరి అనుకుంది. నడవలేడేమో అనుకుంటే కుంటుతూనే తోడు వచ్చాడు.

గుడి చిన్నది, వరస పెద్దది. సాయిలు బయట అరుగు మీద కూర్చున్నాడు. పుణ్యవతి పళ్లెం పట్టుకుని ఒక్కో అడుగు ముందుకు జరుగుతోంది. ఆమె జరిగినప్పుడల్లా అతను తొడ గట్టిగా రుద్దుకుంటున్నాడు. ఆమె గడప దాటేసరికి తొడను పిడికిలితో గుద్దుకుంటున్నాడు, రాయిని గుద్దినట్టు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఈ పళ్లెం వదిలితే ఐలయ్య పోయినోడని తన నోటితో తానే చెప్పినట్టు. పోయినవాడు పోయినవాళ్లలోకే వెళ్లాలి.

"పేరు చెప్పమ్మా, ఎవరికి?" అన్నాడు అయ్యగారు దర్భ పట్టుకుని.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. సాయిలు లేవబోయి, కాలు నిలవక, స్తంభం పట్టుకుని వేలాడుతున్నాడు. మొహం పాలిపోయింది. "అమ్మా," అని పిలిచాడు. ఇటు ఆకలితో ఉన్న మొగుడు, అటు పడిపోతున్న కొడుకు.

"తొందరగా చెప్పమ్మా, వెనక మంది ఉన్నరు."

"మా ఇంట్ల పోయినోళ్లు ఎవ్వలు లేరు, అయ్యగారూ."

అయ్యగారు ఆమె బోసి మెడ చూశాడు, బొట్టులేని నుదురు చూశాడు. "ఎవ్వలు లేకుంటే గీ వరసల ఎందుకు నిలవడ్డవమ్మా?" అన్నాడు.

"తప్పైంది," అని, నిండు పళ్లెం నిండుగానే పట్టుకుని బయటికి వచ్చేసింది. వరసలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అరుగు దగ్గర సాయిలు నిటారుగా నిలబడి ఉన్నాడు. తిమ్మిరి వదిలిందన్నాడు. ఇంటిదాకా తల్లికన్నా రెండడుగులు ముందే నడిచాడు.

ఇంటికొచ్చి ఆ బియ్యమే వండింది. ఆ కూరగాయలే కోసి కూర చేసింది. కొడుకుని పీట మీద కూర్చోబెట్టి, ఎప్పుడూ పెట్టేదానికి రెట్టింపు పెట్టింది. సాయిలు కంచం చూసి, "నాయినకు ఇయ్యలేదా అమ్మా?" అన్నాడు. ఆమె నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. అతను ఏ రోజూ అంత తినేవాడు కాదు. ఆ రోజు మాత్రం తల ఎత్తకుండా, ఎవరో తరుముతున్నట్టు, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

పుణ్యవతి గరిటె పట్టుకుని ముందుకు వంగింది. కొడుకు మొహం వైపు చూడలేదు. కంచం పక్కన చాపిన కాలి వైపు చూస్తూ, "ఇంకింత పెట్టనా?" అని అడిగింది.